స్లూగీ జాగిలాలతో వేట: అల్జీరియాలో నేను చూసింది రాస్తున్నా, తెలిసినవాళ్ళు కలపండి

#1 సోంపేట_ఫిట్టర్

అందరికీ నమస్కారం. ఈ కుక్కల సెక్షన్ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, పోస్ట్ పెద్దదైంది, ఓపిగ్గా చదవండి. నేను 2009 నుంచి 2013 దాకా అల్జీరియాలో పైప్ ఫిట్టర్‌గా చేశాను. హస్సీ ర్మెల్ అని పెద్ద గ్యాస్ ఫీల్డ్, లగువాత్ జిల్లా కిందకు వస్తుంది, మా శ్రీకాకుళం వాళ్ళం బాగానే ఉండేవాళ్ళం అక్కడ. మా క్యాంపు డ్రైవర్ ఒకతను ఔలాద్ నాయిల్ తెగ, జెల్ఫా వైపు మనిషి. కొంచెం ఫ్రెంచ్, కొంచెం అరబ్బీ, మిగతాది చేతులు ఊపుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. నవంబర్‌లో ఒక శుక్రవారం సెలవు రోజున వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళాడు.

అల్జీరియా అంటే మనం ఇసుక తిన్నెలే అనుకుంటాం కదా, ఆ చోటు అలా ఉండదు. రాతి నేల, మోకాలెత్తు హల్ఫా గడ్డి దుబ్బులు, కంటికి అడ్డం వచ్చేది ఏదీ ఉండదు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన, చలికి చెవులు తెగిపోతాయేమో అనిపించేది. గుడారం బయట రెండు పెద్ద బొచ్చుకుక్కలు, ఐదీ అంటారు, గొర్రెల కాపలాకి. వాటిని లోపలికి రానివ్వరు. లోపలికెళ్తే కంబళి మీద, ముసలాయన పక్కనే, సన్నగా పొడుగ్గా ఇసుక రంగులో రెండు పడుకుని ఉన్నాయి, మొహం నల్లగా, కాటుక పెట్టినట్టు కళ్ళు. చలికని వాటి వీపున గుడ్డ కప్పి ఉంది. నేను కల్బ్ అన్నాను, కుక్క అని. ముసలాయన వెంటనే వేలు ఊపి, కల్బ్ బయటున్నవి, ఇవి స్లూగీ అన్నాడు. వాళ్ళకు అవి రెండూ వేరే వేరే జంతువులే. ఇంకో మాట కూడా వాడాడు, హుర్ర్ అని, అంటే మంచి పుట్టుక ఉన్నది, స్వేచ్ఛ గలది అని అర్థం అని డ్రైవర్ చెప్పాడు.

టీ తాగి బయల్దేరాం. ఏడుగురం, ఒకరికొకరు పదిహేను అడుగుల దూరంలో వరస కట్టి గడ్డిలో నడవడమే పని. తుపాకీ లేదు, కర్ర కూడా ఒక్కరి చేతిలోనే ఉంది. ముసలాయన గుర్రం మీద. ఆడ స్లూగీని జీను మీద తన ముందు అడ్డంగా పడుకోబెట్టుకున్నాడు, అది చంటిపిల్ల లాగా కదలకుండా ఉంది, మొగదాన్ని అతని మనవడు నడిపిస్తున్నాడు. పైనుంచి చూస్తే దానికి దూరం కనిపిస్తుంది, పైగా అవసరమైన క్షణం దాకా కాళ్ళు అలిసిపోవు. గంటన్నర నడిచినా ఏమీ లేదు. తర్వాత నా కాలి ముందు రెండు గజాల్లో దుబ్బు పేలినట్టు కుందేలు లేచింది, నాకు గుండె ఆగినంత పనైంది, ముసలాయన బిస్మిల్లా అని గట్టిగా అని వదిలాడు.

ఆ తర్వాత జరిగింది ఎంత సేపో చెప్పలేను, ఒక నిమిషం ఉంటుందేమో. వాసన పట్టడం గట్రా ఏమీ లేదు, కళ్ళతో చూసి వెళ్ళిపోవడమే. నడుము విల్లులా వంగి వెనక కాళ్ళు చెవుల దాకా వస్తున్నాయి. ఆడది వెంటబడి తరుముతోంది, మొగది పక్కనుంచి కోసుకుంటూ వస్తోంది, కుందేలు చటుక్కున మలుపు తిరిగితే ఆడది జారి నాలుగు పల్టీలు కొట్టి మళ్ళీ లేచింది. మూడో మలుపులో మొగది దొరకబుచ్చుకుంది. మేం పరిగెత్తి వెళ్ళేసరికి కుందేలు మీద కాలు వేసి నిలబడి ఉంది, ఒక్క పంటి గాటు కూడా తినలేదు. మనవడు కత్తితో హలాల్ చేశాడు. ఆ రోజు మొత్తం నాలుగు కుందేళ్ళు లేచాయి, దొరికింది ఆ ఒక్కటే. మిగతా మూడు తప్పించుకున్నాయి, ఒక్కరు కూడా విసుక్కోలేదు, మూడోది కొండ గట్టు ఎక్కి మాయమైతే ముసలాయన చెయ్యెత్తి దానికి సలాం కొట్టాడు.

నేను దేవుడి దయవల్ల చాలా దేశాలు తిరిగాను, అలాంటిది మళ్ళీ చూడలేదు. ఎవరైనా చూశారా? ఎవరికైనా వీటి సంగతి తెలుసా?

#2 పత్తికొండ_సీనా

అన్నా ఏం రాసినావన్నా, కుందేలు నా కాళ్ళ ముందర లేసినట్టే ఉండాది. మాది కర్నూలు జిల్లా, మా తాత కాలంలో చెవులపిల్లి వేట ఇట్లే ఉండేదంట, వరస కట్టి కంది చేలల్లో నడిసేది, కుక్కల్ని గొలుసుతో పట్టుకోని ఉండేది, లేసినాక ఇడిసేది. మా పక్క ముధోల్ కుక్కలే, బాగల్‌కోట నుంచి తెచ్చుకునేవాళ్ళు. నువ్వు చెప్పిన ఒంటితీరు అచ్చం దానిదే. ముధోల్, సలూకి, ఈ స్లూగీ మూడూ ఒకటేనా వేరేనా? ఇంకోటి, ఆ కుక్కల కాళ్ళ మీద ఏమన్నా గుర్తులు ఉండాయా? ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెప్తా.

#3 పశువైద్యురాలు

సోంపేట గారు, చాలా బాగా రాశారు. నేను వెట్‌ని, జాగిలాలంటే నాకు ప్రాణం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. సీనా, మూడూ వేరు వేరు. స్లూగీ మఘ్రెబ్ జాతి, అంటే మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా. ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ కుక్కల సమాఖ్య లెక్కల్లో దాని స్టాండర్డ్ నంబర్ 188, ఆ స్టాండర్డ్‌కి బాధ్యత మొరాకోది. మొగవి 66 నుంచి 72 సెంటీమీటర్లు, ఆడవి 61 నుంచి 68. సలూకి తూర్పు వైపుది, అరేబియా, ఇరాక్, ఇరాన్ ఆ ప్రాంతం. దాంట్లో చెవులకి తోకకి కుచ్చుల బొచ్చు ఉండే రకం ఎక్కువ కనిపిస్తుంది, స్లూగీకి మాత్రం ఎప్పుడూ పొట్టి నున్నటి బొచ్చే. చాలా కాలం యూరప్ వాళ్ళు స్లూగీ అంటే నున్నటి సలూకి అనే అనుకున్నారు. అరబ్బీలో రెండు పేర్లూ ఒకే మాట నుంచి వచ్చినా జన్యుపరంగా చూస్తే స్లూగీ విడిగా నిలబడే జాతే.

పట్టుకుంటే తెలుస్తుంది దాని తయారీ. వీపు దాదాపు సమతలంగా ఉంటుంది, తుంటి ఎముకలు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి, కొత్తవాళ్ళు తిండి పెట్టట్లేదేమో అనుకుంటారు. కండ ఉబ్బినట్టు ఉండదు, పొడుగ్గా చదునుగా ఉంటుంది. రేసు గ్రేహౌండ్‌ని చిన్న దూరంలో విపరీతమైన వేగం కోసం పెంచారు, స్లూగీది అలా కాదు, రాతి నేల మీద పాదం చీలిపోకుండా మలుపు మలుపుకీ ఆగి మళ్ళీ అందుకుని ఎక్కువ దూరం వెళ్ళాలి. అంత సన్నటి ఒంటికి అంత దమ్ము ఎక్కడిదంటే ఆ లోతైన ఛాతీ, పెద్ద గుండె. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి మా డాక్టర్లకి ఒక జాగ్రత్త కూడా ఉంది, ఈ జాగిలాలకి థయోపెంటాల్ లాంటి మత్తు ఇస్తే తొందరగా దిగదు, ప్రాణం మీదకి వస్తుంది. ముధోల్ పెంచుకునేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, ఆపరేషన్ అంటే ముందే డాక్టర్‌కి ఇది చూపు జాగిలం అని చెప్పండి.

#4 సోంపేట_ఫిట్టర్

సీనా తమ్ముడూ, ఉన్నాయి! ముందు కాళ్ళ మీద అడ్డంగా మూడు గీతలు, బొచ్చు మొలవని మచ్చలు. నేను ముందు దెబ్బలనుకున్నాను, అడిగితే నిప్పు అన్నాడు. పిల్లప్పుడే ఇనుము కాల్చి పెడతారంట, కాళ్ళ నరాలు గట్టిపడతాయని వాళ్ళ నమ్మకం. నాకు చూడ్డానికి కష్టంగానే అనిపించింది. మెడలో తోలు దండ, దానికి చిన్న గవ్వలు, దిష్టికి.

#5 నల్లమల_కెమెరా

నేను ఈ థ్రెడ్‌లో అందరి ఆనందం పాడుచేయడానికి రాలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పన్నెండేళ్ళుగా అడవి జంతువుల ఫొటోలు తీస్తున్నా. ఉత్తర ఆఫ్రికాలో జింకల పరిస్థితి ఏంటో తెలుసా? స్లూగీతో వేటాడిన అసలు జంతువు కుందేలు కాదు, గజెల్ జింక. డోర్కస్ గజెల్, కొండల్లో ఉండే కూవియర్ గజెల్, ఇసుకలో ఉండే తెల్ల రీమ్ గజెల్, మూడూ ప్రమాదంలోనే ఉన్నాయి, రీమ్ అయితే మరీ తక్కువ. కత్తి కొమ్ముల ఓరిక్స్ 2000లో అడవిలో పూర్తిగా అంతరించిందని ప్రకటించారు, మళ్ళీ చాద్‌లో 2016 నుంచి వదిలి పెంచుకొస్తున్నారు. ఇలాంటప్పుడు వేట ఎంత అందమైందో అని రాసుకుంటే చదివే కుర్రాళ్ళు ఏమనుకుంటారు? మన దగ్గర 1972 చట్టం ప్రకారం చెవులపిల్లి వేట కూడా నేరమే అని సీనా గారికి గుర్తుచేస్తున్నా.

#6 పత్తికొండ_సీనా

నేను మా తాత కాలం అన్నాను కదన్నా, ఇప్పుడు ఎవరూ పోరు. రోళ్ళపాడులో కృష్ణజింకల్ని చూడనీకి మా పిల్లోల్ని నేనే తీస్కపోయినా.

#7 సోంపేట_ఫిట్టర్

నల్లమల గారు, మీ బాధ నాకు అర్థమైంది, మీరడిగిందే నేనూ ఆ ముసలాయన్ని అడిగాను, గజెల్ ఎక్కడ అని. ఆయన చెప్పింది రాస్తా, కోపం తెచ్చుకోకుండా చదవండి.

వాళ్ళ తాతల రోజుల్లో గజెల్ వేటంటే రెండు మూడు రోజుల పని. ముందు రోజు మందని వెతికి గాలివాటు చూసుకుని, గుర్రాలతో చుట్టూ తిరిగి, దగ్గరగా వచ్చాకే వదిలేవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్న గజెల్‌ని సూటిగా పరిగెత్తి పట్టే స్లూగీ తెగకి ఒకటో రెండో ఉండేవంట, వాటి పేర్లు మనుషుల పేర్లలాగా చెప్పుకునేవాళ్ళు. అక్కడో మాట ఉంది, మంచి స్లూగీ అయితే గజెల్ గడ్డి కొరికింది చూసి బయల్దేరితే ఆ నోట్లో గడ్డి మింగేలోపు అందుకుంటుందని. అది పొగడ్త, నిజం కాదు, నిజంగా అలా అయితే వెయ్యేళ్ళ క్రితమే గజెల్ అయిపోయి ఉండేది. కుక్కా గజెల్ పక్కపక్కనే అన్ని తరాలు బతికాయి. గజెల్ పోయింది ఎప్పుడంటే చేతిలోకి దూరం కొట్టే తుపాకీ, కాళ్ళ కిందకి జీపు వచ్చాక. హస్సీ ర్మెల్‌లో గ్యాస్ పడింది 1956లో, ఆ చుట్టుపక్కల చమురు వెతకడానికి బళ్ళు తిరగడం మొదలయ్యాక గజెల్‌కి పారిపోయే చోటు లేకుండా పోయింది. బండికి దమ్ము అయిపోవడం ఉండదు కదా. ఆయన మాటల్లో చెప్పాలంటే స్లూగీ అలిసిపోతుంది గజెల్ కూడా అలిసిపోతుంది, వాళ్ళిద్దరికీ న్యాయం ఉంది, టొయోటా అలిసిపోదు.

ఆయన చివరి గజెల్‌ని చూసింది తన పెళ్ళైన కొత్తలో అంట. తర్వాత కనిపించినా వదలనని ఒట్టు వేసుకున్నాడు. నా ఉద్దేశం వేటని పొగడ్డం కాదు సార్. ఆ కుక్కని అలా మలిచింది ఆ పని, ఆ పని పోతే కుక్క కూడా పోతుంది, అది నా బాధ.

#8 మిస్రాతా_నర్సమ్మ

నేను 2004 నుంచి లిబియాలో ఆస్పత్రిలో నర్స్‌గా చేశాను, 2011లో గొడవలప్పుడు మన గవర్నమెంట్ ఓడలు విమానాలు పంపింది కదా, అప్పుడు వచ్చేశాను. సోంపేట బాబు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పికప్ బళ్ళలో రాత్రిపూట లైట్లు వేసుకుని గజెళ్ళని తరిమి కొట్టి, ఉదయం వెనక ట్రక్కులో కుప్పగా వేసుకొచ్చేవాళ్ళు, నేను కళ్ళారా చూశాను, ఏడుపొచ్చింది. మా వార్డులో ఒక ముసలి పేషెంట్ ఉండేవాడు, కొడుకులు అలా తెచ్చిన మాంసం ముట్టేవాడు కాదు. పట్టుకున్నది ఎవరు, నువ్వా నీ బండా అనేవాడు కొడుకుతో. ఆ తాతకి ఇంటి దగ్గర స్లూగీ ఉండేది, డిశ్చార్జ్ రోజున అది బండి దగ్గరికొచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టేసింది, ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు.

#9 అహ్మద్_కడప

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్తే. ఒక విషయం చెప్పాలి, మనలో చాలామంది ముస్లింలు కుక్కని ముట్టుకోకూడదు అంటారు, మరి వాళ్ళు ఒళ్ళో ఎలా పెట్టుకుంటారని కొందరికి డౌట్ రావచ్చు. ఖురాన్‌లో ఐదో సూరా, అల్ మాయిదా, నాలుగో ఆయత్‌లో వేటకి నేర్పించిన జంతువులు మీకోసం పట్టింది తినొచ్చు, దాని మీద అల్లా పేరు తలచండి అని స్పష్టంగా ఉంది. అందుకే ఆ పెద్దాయన వదిలేటప్పుడు బిస్మిల్లా అన్నాడు, అది అలవాటుకొద్దీ అన్న మాట కాదు, ఆ మాట అనకుండా వదిలితే ఆ మాంసం విషయంలోనే ప్రశ్న వస్తుంది. అదీ బిన్ హాతిమ్ అని ప్రవక్త గారి సహచరుడు, ఆయన అడిగిన ప్రశ్నలు బుఖారీ హదీసుల్లో ఉన్నాయి, కుక్క తనే తింటే నువ్వు తినొద్దు, ఎందుకంటే అది తనకోసం పట్టుకుంది అని జవాబు. సోంపేట అన్న చూసింది అదే, కాలు వేసి నిలబడింది గానీ తినలేదు. అంటే ఆ శిక్షణ వేట నేర్పడం మాత్రమే కాదు, అది తన ఆకలి ఆపుకోవడం కూడా నేర్చుకోవాలి.

ఇంకోటి, మఘ్రెబ్ దేశాల్లో జనం ఎక్కువగా మాలికీ మజ్‌హబ్ వాళ్ళు, మజ్‌హబ్ అంటే ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక శాఖ. మాలికీలో బతికున్న కుక్క ఒళ్ళు అపవిత్రం కాదు. మేం ఇక్కడ ఎక్కువగా హనఫీ, మా దగ్గర లాలాజలం విషయంలో గట్టిగా ఉంటారు. అందుకే అక్కడ గుడారంలో కంబళి మీద పడుకోబెట్టుకోవడం వాళ్ళకి ఇబ్బంది కాలేదేమో అని నా ఆలోచన.

#10 సోంపేట_ఫిట్టర్

అహ్మద్ భాయ్, చాలా థాంక్స్, పదమూడేళ్ళుగా నాకు తెలియని ముక్క ఇది. శిక్షణ అన్నారు కాబట్టి మనవడు చెప్పింది రాస్తా. కూన మూడు నాలుగు నెలలప్పుడు పని పిల్లలది. కలుగులోంచి జెర్బోవాని బయటికి తోలి కూన ముందు వదులుతారు, అది ఎలుక లాంటిదే గానీ కంగారూ లాగా వెనక కాళ్ళ మీద గెంతుతుంది, ఎటు గెంతుతుందో ముందే చెప్పలేం, కూనకి కళ్ళతో వెంబడించడం అక్కడే వస్తుంది. ఆరో నెల వచ్చేసరికి కుందేలు పిల్ల. ఏడాది దాటినా పూర్తి పరుగుకి వదలరు, ఎముక ముదరాలి, పదిహేను పద్దెనిమిది నెలలు వచ్చాకే పెద్దవాటి పక్కన పరుగు. కొట్టడం ఉండదు. తప్పు చేస్తే ముసలాయన మాట్లాడటం మానేస్తాడంట రోజంతా, అదే శిక్ష.

#11 లియాన్_వేణు

సూపర్ థ్రెడ్. సోంపేట గారు ఇప్పుడు మీరు చెప్పిన ఈ వరస, జెర్బోవా తర్వాత కుందేలు, ఇదే 1850ల్లో దోమా అని ఒక ఫ్రెంచ్ జనరల్ అల్జీరియాలో ఉండి రాసిపెట్టాడు, సహారా గుర్రాల గురించిన పుస్తకంలో స్లూగీ మీద ఒక భాగం ఉంది. పద్దెనిమిది నెలల ముచ్చట కూడా అదే. మిగతా కుక్కల్ని తరిమేస్తారు గానీ స్లూగీ యజమానితో పాటు చుట్టంగా వేరే గుడారానికి వెళ్తుంది, దాని వాటా దానికి పెడతారు, చచ్చిపోతే ఇంట్లో మనిషి పోయినట్టు ఏడుస్తారు అని రాశాడు. నూట యాభై ఏళ్ళు దాటినా మీరు చూసింది అదేనంటే నాకు ఒళ్ళు జలదరించింది. బాధేంటంటే అదే ఫ్రెంచ్ వాళ్ళు 1844 మే 3న చేసిన వేట చట్టంలో జాగిలాలతో వేట నిషేధం అన్నారు, అల్జీరియాకీ దాన్ని పట్టుకెళ్ళారు. గుర్రం మీద తుపాకీ పట్టుకుని వేటకెళ్ళే ఆఫీసర్‌కి అడ్డం లేదు, కుక్కతో ఇంటికి కుందేలు తెచ్చుకునే వాడు మాత్రం దొంగ అయిపోయాడు. ఆ దెబ్బ ఆ జాతి మీద చాలా గట్టిగా పడింది.

నేను లాస్ట్ ఇయర్ ట్యునీషియా వెళ్ళా, ట్యునిస్‌లో బార్దో మ్యూజియం రెండేళ్ళు మూసేసి 2023 సెప్టెంబర్‌లో మళ్ళీ తెరిచారు, దానికోసమే వెళ్ళా. ఊద్నాలో దొరికిన రోమన్ల కాలం మొజాయిక్ ఒకటి ఉంది, చిన్న రంగురాళ్ళు పేర్చి చేసిన నేల బొమ్మ. గుర్రాల మీద మనుషులు, రెండు సన్నటి కుక్కలు, ముందు కుందేలూ నక్కా. కుక్కల పేర్లు కూడా రాశారు, ఒకటి ఎడెరాటస్ ఇంకోటి ముస్టెలా. యజమాని పేరు గుర్తుండాలని రాయించుకోవడం మామూలే, ఈయన కుక్కల పేర్లు రాయించాడు. నేను అక్కడ ముప్పావుగంట నిలబడిపోయా, మా ఆవిడ వెళ్దాం వెళ్దాం అంటున్నా కదల్లేదు. ఆ రోజుల కుక్కలే నేరుగా ఈ స్లూగీలు అని నేను చెప్పను, కానీ ఆ నేల మీద ఈ రకం వేట అంత పాతది.

#12 నల్లమల_కెమెరా

వేణు గారు, దూజ్ పండగ గురించి కూడా చెప్పండి. వీడియోల్లో చూశా, నాకు నచ్చలేదు.

#13 లియాన్_వేణు

దూజ్ ట్యునీషియా దక్షిణాన, షాత్ ఎల్ జెరీద్ ఉప్పు మైదానం దాటాక ఉంటుంది, మ్రాజీగ్ తెగ వాళ్ళ ఊరు. డిసెంబర్ ఆఖర్లో సహారా పండగ చేస్తారు, 1910లో ఒంటెల పండగగా మొదలైందని చెప్తారు. ఒంటెల పందేలు, గుర్రాల విన్యాసాలు, కవిత్వం, మధ్యలో స్లూగీలని వదిలి కుందేలుని పట్టించడం. అది నాకూ నచ్చలేదు బ్రదర్. చుట్టూ టూరిస్టులు, మైకు, బోను తెరిచి కుందేలుని వదుల్తారు. దానికి దాక్కోడానికి గడ్డి లేదు గట్టు లేదు. సోంపేట గారు చెప్పిన నాలుగింటిలో మూడు తప్పించుకోవడం అన్నది అక్కడ ఉండదు. కానీ ఒక మాట, ఆ మైదానంలో కుక్కల్ని తెచ్చిన మ్రాజీగ్ పెద్దవాళ్ళ మొహాలు చూస్తే, ఏడాదిలో వాళ్ళ కుక్కకి నలుగురిలో పేరొచ్చే రోజు అదొక్కటే అనిపించింది.

#14 వరంగల్_కిట్టు

అన్నలందరికీ నమస్తే. మస్తు నేర్చుకుంటున్న ఈ థ్రెడ్ల. నాకు స్లూగీ పిల్ల గావాలె, హైదరాబాద్ల ఫ్లాట్ ఉన్నది మూడో అంతస్తు, రోజు పొద్దుగాల గంట సేపు వాకింగ్ తీస్కపోత. యాడ దొరుకుతదో ఎవరన్న చెప్తరా? పైసలు ఎంతైన పర్వాలేదు.

#15 పశువైద్యురాలు

కిట్టూ, తమ్ముడనుకుని చెప్తున్నా, వద్దు. పట్టీ కట్టి గంట నడిపించడం దీనికి సరిపోదు, పట్టీ లేకుండా చుట్టూ గోడ ఉన్న పెద్ద జాగాలో విడిచి పరిగెత్తించాలి. ఇది వాసనతో కాదు కంటితో వేటాడేది. రోడ్డు అవతల పిల్లి కదిలిందా, నువ్వెంత అరిచినా దాని చెవికెక్కదు, మధ్యలో లారీ ఉన్నా ఆగదు. నా టేబుల్ మీదకి అలా వచ్చిన ముధోల్ కుక్కలు ఎన్నో, అన్నీ సిటీ ఫ్లాట్లలోవే, సగం బతకలేదు. పైగా బయటి దేశం నుంచి వ్యాపారానికి, బ్రీడింగ్‌కి కుక్కల్ని తేవడం మీద 2016 నుంచి ఆంక్షలున్నాయి, నీకు స్లూగీ అని చెప్పి అమ్మేవాడు ఏ కుక్కని అంటగడతాడో తెలీదు. ఈ జాతిలో మెల్లగా చూపు పోయే జబ్బు ఒకటి ఉంది, పీఆర్ఏ అంటాం, తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తేనే పిల్లకొస్తుంది, డీఎన్ఏ పరీక్షతో ముందే తెలుస్తుంది. చూపే ఆధారమైన కుక్కకి చూపు పోతే ఎలా ఉంటుందో ఆలోచించు. ఆ పరీక్ష కాగితం చూపించే బ్రీడర్ నీకు ఇక్కడ దొరకడు.

నీకు కుక్కంటే ఇష్టం నిజమైతే మన జాతుల్ని చూడు. కొల్లేరు వైపు జొనంగి ఉంది, బాతుల మందల్ని తోలేది, మనుషులు వదిలేస్తే అంతరించే దశకి వచ్చింది.

#16 వరంగల్_కిట్టు

అక్కా మీరు చెప్పినంక ఆ ఆలోచన బంద్ జేసిన. పిల్లి ముచ్చట నిజమే, మా గల్లీ నిండ పిల్లులే. జొనంగి గురించి వేరే థ్రెడ్ పెడ్త.

#17 బమాకో_రావు

కొంచెం దక్షిణానికి వస్తే మాలి, నైజర్ సరిహద్దులో అజావాఖ్ అని ఇంకో జాగిలం ఉంది, త్వారెగ్ అనే సహారా సంచార జాతి వాళ్ళది. స్లూగీ కంటే ఇంకా పొడుగు కాళ్ళు, ఇంకా సన్నం, చర్మం కింద నరాలు లెక్కపెట్టొచ్చు. నేను మాలిలో బోర్‌వెల్ కంపెనీలో ఉన్నప్పుడు చూశాను. పగలు గుడిసె పైకప్పు నీడలో పడుకుంటాయి, రాత్రి కొత్త మనిషి వస్తే ఊరి కుక్కలన్నీ కలిసి లేస్తాయి, వేట కంటే కాపలాకే ఎక్కువ. వాళ్ళ భాషలో దాన్ని స్వేచ్ఛ గలవాళ్ళ కుక్క అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. సోంపేట గారి హుర్ర్ అన్న మాట చదివి అది గుర్తొచ్చింది.

#18 నల్లమల_కెమెరా

రెండు రోజులుగా ఈ థ్రెడ్ ఆలోచిస్తున్నా. జీపు, తుపాకీ గురించి మీరన్నది ఒప్పుకుంటా, గజెల్‌ని చంపింది కుక్క కాదు. లెక్కలో పెట్టాల్సినవాళ్ళని వదిలేసి ముసలాయన్ని నిందించడం తప్పే. కానీ ఇవాళ ఉన్న పరిస్థితిలో, మిగిలినవి అన్ని తక్కువున్నప్పుడు, ఎంత న్యాయమైన వేటైనా గజెల్ మీదకి వద్దు అనే నా మాట మీదే ఉంటా. అల్జీరియాలో మసీలా దగ్గర మెర్గెబ్ అని రిజర్వ్ ఉంది, 1983లో కూవియర్ గజెల్ కోసమే పెట్టారు, అలాంటి చోట ఒక్క కుక్క వదిలినా ఆ మంద చెదిరిపోతుంది. కుందేలు వేరే విషయం, అక్కడి చట్టం అనుమతిస్తే, ఆ సీజన్‌లో, గడ్డి ఉన్న చోట. దాని గురించి నేను వాదించను. తుపాకీ గుండు తగిలి కుంటుకుంటూ పోయి రెండ్రోజులకి పొదలో చచ్చే జంతువుల్ని నేను చూశాను, ఈ వేటలో దొరికితే క్షణం, లేకపోతే ఒంటి మీద గీత కూడా పడకుండా వెళ్ళిపోతుంది, ఆ తేడా నిజమే.

#19 సోంపేట_ఫిట్టర్

నల్లమల గారు, ఆ ముసలాయన మీ ముందుంటే మీ మాటకి అవునే అనేవాడు. నిన్న రాత్రి డ్రైవర్‌కి వాట్సాప్ కాల్ చేశాను ఈ థ్రెడ్ వల్లే, చాలా రోజులకి. నాన్నగారు 2017లో పోయారంట. ఆడ స్లూగీ ఆయన పోయిన నలభై రోజులు గుడారం గుమ్మం వదల్లేదంట. ఇప్పుడు దాని మనవరాలు ఉంది మనవడి దగ్గర, అతను గొర్రెలు అమ్మేసి లగువాత్‌లో టైర్ల షాపు పెట్టుకున్నాడు, శుక్రవారం శుక్రవారం బండిలో స్టెప్పీకి, అంటే ఆ గడ్డి మైదానానికి, తీసుకెళ్ళి వదుల్తాడంట. కుందేళ్ళు ఉన్నాయా అంటే తక్కువ, హల్ఫా గడ్డి తగ్గిపోయింది, దున్నేస్తున్నారు, కరువు కూడా అన్నాడు. కుందేలు లేచినా లేవకపోయినా దాన్ని పరిగెత్తిస్తాడంట.

#20 పత్తికొండ_సీనా

అన్నా ఆ పెద్దాయన గురించి చదివి మనసు అదోలా అయిపోయింది. నేను కాళ్ళ మీద గుర్తులు ఎందుకు అడిగినానో చెప్తా అని ఉంటి కదా. ఆదివారం ఊరికి పోయినా, మా తాతకి ఎనభై ఆరు, చెవులు సరిగా వినపడవు, గట్టిగా అరిచి నీ పోస్టంతా చదివి వినిపించినా. వాతలు అనంగానే లేసి కూర్చున్నాడు. మేమూ పెట్టేటోళ్ళం అన్నాడు, ఎద్దులకి పెట్టినట్టే, గడ్డపార కొన కాల్చి, ముందు కాళ్ళకి, మోకాటి కింద. ఎవురు నేర్పినారు అంటే మా నాయన అన్నాడు, మా నాయనకి ఎవురు నేర్పినారో నేను అడగలే అన్నాడు. వేట ఇడిసి యాభై ఏండ్లు పైనే అయ్యింది, కుక్క పేరు మాత్రం టక్కున చెప్పినాడు, సివంగి అంట. అన్నా, ఆ పెద్దాయన ఆడకుక్క పేరు ఏమి? మా తాత పదే పదే అడుగుతాండాడు.

#21 సోంపేట_ఫిట్టర్

రీహ్. అంటే గాలి. మోకాలి కిందే తమ్ముడూ, సరిగ్గా అక్కడే, మూడు గీతలు. తాతగారికి నా నమస్కారం చెప్పు. నా దగ్గర పాత ఫోన్ మెమరీ కార్డులో ఒక ఫొటో ఉండాలి, ముసలాయన గుర్రం మీద, ముందు రీహ్ అడ్డంగా పడుకుని. మా అబ్బాయి సెలవులకి వచ్చాక తీయించి ఇక్కడ పెడతాను, పెద్దది ప్రింట్ తీయించి తాతగారికి చూపించు.